పెరట్లో పొయ్యి ఎవరిది?

మా ఇంట్లో మంట ఒక్క చోటే ఉంది. వంటింట్లో కాదు, పెరట్లో.

నవ్వకండి, నిజం. టెక్సాస్‌లో మేముంటున్న ఇంట్లో పొయ్యి కరెంటుది. నల్లటి గాజు పలక. వేడెక్కుతుంది, ఎర్రబడుతుంది, మంట మాత్రం రాదు. దాని మీద వంకాయ కాల్చలేను, పుల్కా పొంగించలేను, అప్పడం కాల్చలేను. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో వంకాయల్ని ఓవెన్‌లో పెట్టి పచ్చడి చేశాను. మా వారు ఒక ముద్ద తిని "బాగానే ఉంది" అన్నారు. ఆ "బాగానే"కి అర్థమేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే పెరట్లోకి గ్యాస్ గ్రిల్ వచ్చిన రోజు ఆయన కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. మూడు బర్నర్లు, కింద అరలో ప్రొపేన్ ట్యాంకు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఇంటికి మంట వచ్చిందనుకున్నాను. కానీ వచ్చిన వారానికే అది నాది కాదని తేలిపోయింది. ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. అలా జరిగిపోయిందంతే.

మీరూ చూసే ఉంటారు. ఏ ఇంటికి భోజనాలకి వెళ్ళినా అదే దృశ్యం. లోపల మనం. చికెన్‌కి ముందురోజు రాత్రే మసాలా పట్టించేది మనం, పనీర్ ముక్కలు పుల్లలకి గుచ్చేది మనం, మొక్కజొన్న కంకుల పొట్టు వలిచేది మనం, పుదీనా పచ్చడి, పెరుగు పచ్చడి, పిల్లలకి విడిగా కారం లేనిది, అన్నీ మనం. బయట గ్రిల్ చుట్టూ బావగార్లు, అన్నయ్యగార్లు చేతుల్లో గ్లాసులతో నిలబడతారు. ఒకాయన పటకారుతో ముక్కల్ని అటు ఇటు తిప్పుతాడు. చివర్లో చప్పట్లు ఆయనకి. పోనీలే, చప్పట్ల కోసం నేనీ పోస్టు రాయట్లేదు. నా పోట్లాట మంట గురించి.

మొన్న జూలై 4న మా ఇంట్లో నాలుగు కుటుంబాల భోజనం. సాయంత్రం ఆరింటికి గ్రిల్ వెలిగించారు. మూత మీదున్న ముల్లు 250 ఫారన్‌హీట్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో 500 దాటేది. మూడు నాబ్‌లూ పూర్తిగా తిప్పినా మంట మినుకుమినుకుమంటూ నీలంగా, ఆముదపు దీపంలా ఉంది. చికెన్ కాలడం లేదు, ఉడుకుతోంది. లోపల పిల్లలు ఆకలికి గోల.

బయట నలుగురు ఇంజినీర్లు. ఒకాయన గ్యాస్ అయిపోయిందన్నాడు. ఇంకొకాయన ట్యాంకు పైకెత్తి ఊపి, లేదు బరువుగానే ఉంది అన్నాడు. మూడో ఆయన రెగ్యులేటర్ పోయిందని తీర్పిచ్చాడు. నాలుగో ఆయన, అంటే మా వారు, "ఇది చవక రకం, కొత్తది కొనేద్దాం" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఈ మద్దెల ఖరీదు 400 డాలర్లు.

నేను వెళ్ళి "ఏవండీ, ముందు ట్యాంకు తిప్పారా, నాబ్‌లు తిప్పారా?" అని అడిగాను. మా వారు జవాబు చెప్పే లోపలే ఒక స్నేహితుడు, మంచివాడే, నవ్వుతూ "వదినగారూ, గ్యాస్ దగ్గర మీరెందుకు, లోపలికెళ్ళండి, మేం చూస్తాం" అన్నాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను. అదీ నా తప్పు. ఆ రోజు చికెన్ ఓవెన్‌లోనే కాలింది.

మర్నాడు అందరూ ఆఫీసులకి వెళ్ళాక గ్రిల్‌తో వచ్చిన పుస్తకం తీసి కూర్చున్నాను. మూడేళ్ళుగా ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. పన్నెండో పేజీలో ఉంది జవాబు. ఏ భాగమూ చెడిపోలేదు. జరిగిందేమిటో చెప్తాను, మీ ఇంట్లోనూ ఇదే అయ్యుంటుంది.

ట్యాంకుకి మనం చేత్తో బిగించే పెద్ద ప్లాస్టిక్ మర ఉంటుంది కదా, దాని లోపల ఒక కాపలాదారు ఉన్నాడు. గొట్టం తెగిపోయో ఊడిపోయో గ్యాస్ ఒక్కసారిగా బుస్సున పోతే, వాడు దారి మూసేసి చాలా సన్నగా మాత్రమే వదులుతాడు. మంచి ఏర్పాటే. కానీ తెగిన గొట్టానికీ, తెరిచి ఉన్న బర్నర్‌కీ తేడా వాడికి తెలీదు. బర్నర్ నాబ్‌లు తెరిచి ఉండగా ట్యాంకు తిప్పినా, ట్యాంకు ఒక్క ఊపున గిర్రున తిప్పినా, గ్యాస్ కారిపోతోందనుకుని దారి మూసేస్తాడు. అప్పుడు నాబ్‌లు ఎంత తిప్పినా ఆముదపు దీపమే.

మా ఇంట్లో ఏమైందంటే, అంతకుముందు వారం మా వారు వంట అయ్యాక ట్యాంకు ఒక్కటే కట్టేసి వచ్చేశారు. మంట ఆరిపోయింది కాబట్టి నాబ్‌ల సంగతి మర్చిపోయారు. జూలై 4న వెళ్ళి ట్యాంకు గిర్రున తిప్పారు. అంతే.

మందు కూడా పుస్తకంలోనే ఉంది. ట్యాంకు కట్టెయ్యాలి. నాబ్‌లన్నీ కట్టెయ్యాలి. మర విప్పి గొట్టాన్ని ట్యాంకు నుంచి ఊడదీయాలి. మూత ఎత్తి ఉంచి, నాబ్‌లు ఒక నిమిషం తెరిచి గొట్టంలో మిగిలిన గ్యాస్‌ని పోనిచ్చి, మళ్ళీ కట్టెయ్యాలి. ఆ నిమిషం దగ్గర్లో అగ్గి ఉండకూడదు. తర్వాత మర మళ్ళీ చేత్తో బిగించాలి. ట్యాంకు మెల్లగా, చాలా మెల్లగా తెరవాలి. కొన్ని క్షణాలు ఆగాలి. అప్పుడు మూత ఎత్తి ఉంచే ఒక్క బర్నర్ వెలిగించాలి. అయిదు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి, అయిదు నిమిషాలు గాలి ఆడనిచ్చి మళ్ళీ వెలిగించాలి. మూత మూసి వెలిగిస్తే లోపల చేరిన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమంటుంది.

నేను అలాగే చేశాను. పది నిమిషాల తర్వాత ముల్లు 500 దాటింది. ఫ్రిజ్‌లోంచి రెండు వంకాయలు తెచ్చి కాల్చాను. 400 డాలర్ల గ్రిల్ పారేయాల్సిన పని లేకుండా పోయింది.

ఇక్కడే నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. నా మీద, మనందరి మీద.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. మన అమ్మలు మనకి నేర్పిన మొదటి పాఠం ఏమిటి? ముందు రెగ్యులేటర్, తర్వాత స్టవ్ నాబ్. రాత్రి పడుకునే ముందు స్టవ్ కట్టేసి, రెగ్యులేటర్ కూడా కట్టేసి, "కట్టావా?" అని ఒకటికి రెండుసార్లు అడిగించుకుని మరీ పడుకున్నాం. నలుగురు ఇంజినీర్లకి తట్టనిది నాకు తట్టిందంటే నా తెలివి కాదు, అది మా అమ్మ అలవాటు.

ఇంకో సంగతి. ఇండియాలో మన వంటింటి బండలో 14.2 కిలోల గ్యాస్. ఈ గ్రిల్ ట్యాంకు నిండా నింపితే 20 పౌండ్లు, అంటే 9 కిలోలు. ఆ పెద్ద బండని మూసిన వంటింట్లో, గట్టు కింద, చంటిపిల్లని చంకనేసుకుని నడిపించాం. బండ మార్చేటప్పుడు మూతి దగ్గర వాషర్ ఉందో లేదో చూశాం. ఎంత మిగిలిందో తెలియడానికి తడిగుడ్డతో తుడిచి, ఎక్కడి దాకా ఆలస్యంగా ఆరుతుందో చూసి లెక్క కట్టాం. మంట ఎర్రబడితే బర్నర్ తీసి పిన్నీసుతో కన్నాలు పొడిచాం. వాసనొస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా కిటికీలు తెరిచాం. అదంతా చేసిన మనల్ని, ఆరుబయట ఉన్న 9 కిలోల ట్యాంకు దగ్గర "మీరెందుకు" అంటే, మనమూ తలూపి లోపలికి వచ్చేస్తున్నాం.

మన ప్రభుత్వాలకి కూడా ఈ సంగతి తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకంలో పేద ఇళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఆడవాళ్ళకే ఇచ్చారు. 2016లో వచ్చిన ఉజ్జ్వల యోజనలో కూడా కనెక్షన్ ఆ ఇంటి ఆడమనిషి పేరు మీదే. మా ఊళ్ళో కట్టెలపొయ్యి ఊది ఊది కళ్ళు పోగొట్టుకున్న పెద్దవాళ్ళకి తమ పేరు మీద గ్యాస్ పుస్తకం రావడం చిన్న విషయం కాదు. అలాంటి చోటు నుంచి వచ్చి, ఏడు సముద్రాలు దాటి, పెరట్లో ట్యాంకు దగ్గర మాత్రం మనకేమీ తెలియనట్టు నిలబడటం ఏమిటి?

పచ్చడి గొడవే అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

గ్రిల్ బాగయ్యాక నాకు అమ్మ అలవాటే ఇంకొకటి గుర్తొచ్చింది, సబ్బు నీళ్ళు. ఒక గిన్నెలో అంట్లు తోమే లిక్విడ్ సగం, నీళ్ళు సగం కలిపాను. బర్నర్లన్నీ కట్టేసి, ట్యాంకు తెరిచి, పాత పెయింటు బ్రష్షుతో మర చుట్టూ, రెగ్యులేటర్ చుట్టూ, గొట్టం పొడవునా పూశాను. గ్రిల్ కింద, నూనె కారే పళ్ళేనికి గొట్టం ఆనుకుని ఉన్న చోట బుడగలు లేచాయి. చిన్నవే. కానీ ఆగకుండా లేస్తున్నాయి. వేడి పళ్ళేనికి రాసుకుని రాసుకుని రబ్బరు బీటలు వారింది.

వెంటనే ట్యాంకు కట్టేశాను. చేతులు వణికాయి. ముందురోజు అక్కడే నలుగురు నిలబడ్డారు. పిల్లలు ఆ పక్కనే బంతి ఆడారు. ప్రొపేన్ గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకి పల్లంలో చేరుతుంది. దాని వాసన కోసమని వేరే మందు కలుపుతారు గానీ, చికెన్ మసాలా, పొగ, సెంట్ల మధ్య సన్నటి లీకు వాసన ఎవరి ముక్కుకి అందుతుంది? అమెరికాలో గ్రిల్ వల్ల ఇళ్ళల్లో అగ్నిప్రమాదాలు జూలైలోనే ఎక్కువ. ఎందుకో మీరే ఆలోచించండి. అందరూ వెలిగించేవాళ్ళే, తనిఖీ చేసేవాళ్ళు ఎవరు?

మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గొట్టాన్ని ఎవరూ చూడలేదు. ఆయన చూడలేదు, ఎందుకంటే ఆయనకి అది సరదా వస్తువు. నేను చూడలేదు, ఎందుకంటే అది నాది కాదు. ఇంట్లో ప్రమాదాలు ఇలాంటి సందుల్లోంచే వస్తాయి. ఒకరికి సరదా, ఇంకొకరికి నిషేధం. బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు.

కొత్త గొట్టం, రెగ్యులేటర్ కలిపి 30 డాలర్ల లోపే వచ్చింది. పాతదానికి టేపు చుట్టడం లాంటి తెలివి తక్కువ పని మాత్రం చెయ్యకండి. ట్యాంకు కట్టేసినా బుడగలు, వాసన ఆగకపోతే దాన్ని కదిలించకుండా దూరం వెళ్ళి 911కి ఫోన్ చెయ్యండి.

ఈ సంగతి ఇక్కడి స్నేహితురాళ్ళకి చెప్తే, నాకంటే పెద్దావిడ, నేను అక్కా అని పిలిచే ఒకావిడ గట్టిగా మందలించింది. "వాళ్ళు చేసేదే ఆ ఒక్క వంట. అది కూడా నువ్వు నేర్చుకుని నెత్తినేసుకుంటావా? రేపట్నుంచి ట్యాంకు నింపించుకు రావడం కూడా నీ పనే అవుతుంది. తెలీదన్నంత కాలమే సుఖం" అంది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. మనకి వచ్చిన ప్రతి పనీ మన పనైపోయింది. కారు నడపడం వస్తే పిల్లల్ని దింపడం మనది, కంప్యూటర్ వస్తే బిల్లులు కట్టడం మనది. అందుకే చాలామంది కావాలనే తెలియనట్టు ఉంటారు. నేనూ ఉన్నాను. అది సోమరితనం కాదు, అలసట.

కానీ అక్కా, తెలియడం వేరు, చేయడం వేరు. పటకారు ఆయన చేతిలోనే ఉండనీ. శనివారం ముక్కలు ఆయనే తిప్పనీ, చప్పట్లు ఆయనకే పోనీ. నేను అడిగేది పటకారు కాదు. నా పిల్లలు ఆడుకునే చోట ఉన్న గ్యాస్ ఎలా తెరుచుకుంటుందో, ఎలా మూసుకుంటుందో, ఎప్పుడు కారుతుందో నాకు తెలియాలి. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఏదైనా అయితే, తెలియకపోవడం వల్ల వచ్చే సుఖం ఆ ఒక్క నిమిషంలో పోతుంది. పైగా నాకు తెలిస్తేనే కదా, ఏవండీ గొట్టం చూశారా, అని అడిగి ఆయన చేత చేయించేది? తెలియనివాళ్ళు పని చేయించలేరు.

అందుకని మంట తగ్గితే ఏమేం చూడాలో నాకు తెలిసినంత చెప్తాను. వాసన వస్తుంటే ఇవేవీ వద్దు, ముందు ట్యాంకు కట్టెయ్యండి. వాసన లేకపోతే మొదట పైన చెప్పిన కాపలాదారు సంగతి. నూటికి నూరుపాళ్ళు అదేనని అనను గానీ, ముందు అదే చూడండి, ఖర్చు లేనిది.

రెండోది, ట్యాంకులో నిజంగా గ్యాస్ ఉందా? ఊపి చూడటం లెక్క కాదు. ట్యాంకు మెడ దగ్గర పట్టీ మీద టీడబ్ల్యూ అని అచ్చు గుద్ది ఒక అంకె ఉంటుంది, అది ఖాళీ ట్యాంకు బరువు. ఎక్కువగా 17 పౌండ్ల దగ్గర్లో ఉంటుంది. మనం రోజూ దిగులుగా ఎక్కి దిగే బాత్రూం త్రాసు మీద ట్యాంకుని నిలబెట్టి, అందులోంచి ఆ అంకె తీసేస్తే మిగిలింది గ్యాస్. ఒకటి తెలుసుకోండి, ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే చోట చాలావరకు 20 కాదు, 15 పౌండ్లే నింపి ఇస్తారు. దుకాణం గడప దాటకముందే అడగండి.

మూడోది, ఒక బర్నర్ బాగా వెలిగి, ఇంకొకటి పచ్చగా, బద్ధకంగా వెలుగుతోందంటే లోపం ట్యాంకుది కాదు, ఆ బర్నర్ గొట్టానిది. వాడకుండా ఉంచిన నెలల్లో సాలీళ్ళు, పురుగులు అందులో గూళ్ళు పెడతాయి. గ్యాస్ వెనక్కి తన్ని నాబ్‌ల వెనకాల మంట లేచే ప్రమాదం ఉంది, తేలిగ్గా తీసుకోకండి. ట్యాంకు కట్టేసి, అన్నీ చల్లారాక బర్నర్ ఊడదీసి, సీసాలు కడిగే సన్న బ్రష్షు దూర్చి శుభ్రం చెయ్యండి. కన్నాలు పూడుకుంటే మన పాత పిన్నీసు ఉండనే ఉంది. మళ్ళీ పెట్టేటప్పుడు గొట్టం మూతి గ్యాస్ వచ్చే ముక్కు మీద సరిగ్గా కూర్చోవాలి.

నాలుగోది చలి. ఇండియా బండలో బ్యూటేన్, ప్రొపేన్ కలిపి ఉంటాయి, ఇక్కడి ట్యాంకులో దాదాపు అంతా ప్రొపేనే. చలికి బాగానే తట్టుకుంటుంది గానీ, బాగా చలిగా ఉన్న రోజున, అదీ ట్యాంకు అడుగంటినప్పుడు గంటసేపు పెద్ద మంట పెడితే, ట్యాంకు చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది. బయట మంచు పట్టినట్టు కనిపిస్తుంది. కాసేపు కట్టేసి ఊరుకోండి. వేడి చేద్దామని ట్యాంకు దగ్గర నిప్పు పెట్టకండి, పక్కకి పడుకోబెట్టకండి. అది ఎప్పుడూ నిటారుగా, ఆరుబయటే ఉండాలి. గరాజ్‌లో దాచడం అసలు వద్దు.

ఇవేవీ కాకపోతే అప్పుడు రెగ్యులేటర్‌ని అనుమానించండి. ట్యాంకులో ఉన్న పెద్ద ఒత్తిడిని అది నీటి కొలతలో 11 అంగుళాలకి, అంటే 28 సెంటీమీటర్లకి తగ్గించి బర్నర్‌కి ఇస్తుంది. మన ఇండియా స్టవ్‌కి 30 సెంటీమీటర్లు. చూశారా, తేడా ఎంత తక్కువో! పొయ్యి అదే, మంట అదే, చోటు మారిందంతే. చోటుతో పాటు అది ఎవరిదన్నది కూడా మార్చేసుకున్నాం.

మా వారికి ఆ సాయంత్రం బుడగలు లేచిన గొట్టం చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు చెప్పావు కదా ఆ రోజు, ముందు ఏది తిప్పారని. నేను వినలేదు" అన్నారు. అంతకంటే క్షమాపణ నాకక్కర్లేదు. కొత్త గొట్టం ఇద్దరం కలిసే బిగించాం. సబ్బు నీళ్ళు పూయడం మా పన్నెండేళ్ళ అమ్మాయి చేత చేయించాను. పదిహేనేళ్ళ అబ్బాయి చేత కూడా. ఈ సంగతి ఇద్దరికీ రావాలి.

మీ పెరట్లో గ్రిల్ ఉంటే, ఈ శనివారం ఎవరూ వెలిగించకముందే ఒక గిన్నెలో సబ్బు నీళ్ళు కలుపుకుని వెళ్ళండి. ఎవరైనా "మీరెందుకు, లోపలికెళ్ళండి" అంటే, ఈసారి వెళ్ళకండి. నేను ఒకసారి వెళ్ళాను. పైన చెప్పిన ఆ బీట అప్పటికే అక్కడ ఉంది.